మంచివాళ్ల మధ్య కట్టుబాట్లు

నలుగురికీ మేలు చేయాలని పదిమంది కలిస్తే, వాళ్ల మధ్య రాసుకున్న నియమాలు అక్కర్లేదని మనలో చాలామందికి లోలోపల ఒక నమ్మకం. రక్తదానం చేసే బృందం, వరదలొచ్చినప్పుడు అన్నం పొట్లాలు మోసే కుర్రాళ్లు, ఊరి బడికి గదులు కట్టించే పూర్వ విద్యార్థులు, విదేశాల్లో ఉండి సొంతూరి పిల్లల ఫీజులు కట్టే మిత్రులు, వీళ్లెవరూ లాభం చూసుకుని వచ్చినవాళ్లు కాదు కదా, ఇక లెక్కలెందుకు, తీర్మానాలెందుకు అనిపిస్తుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురు మాట. పరోపకారం కోసం కలిసినవాళ్లకే కట్టుబాట్లు ఎక్కువ అవసరం. వ్యాపారంలో భాగస్వాములు ఒకరినొకరు నిలదీయడానికి వెనకాడరు, డబ్బు పెట్టాం కాబట్టి అడగడం మా హక్కు అనుకుంటారు. సేవలో ఉన్నవాళ్లు అలా అడగలేరు. అవతలి మనిషి మంచితనమే నోరు కట్టేస్తుంది. ఎండనకా వాననకా తిరిగే మనిషిని పట్టుకుని రసీదు ఏదని ఎలా అడుగుతాం? అడగలేని మాటలు పేరుకుపోతాయి. రెండు మూడేళ్లకు బృందం రెండు ముక్కలవుతుంది, లేదా ఒకరొకరుగా జారుకుని చివరికి స్థాపించినవాళ్లిద్దరే మిగులుతారు.

చెడ్డవాళ్లు చొరబడితేనే ఇలాంటి బృందాలు పాడవుతాయని అనుకుంటాం. ఎర్న్‌స్ట్ ఫేర్, సైమన్ గెక్టర్ అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన ప్రయోగాలు వేరే సంగతి చెబుతున్నాయి. నలుగురేసి మనుషులను ఒక జట్టు చేసి, ఒక్కొక్కరికీ కొంత మొత్తం ఇచ్చి, అందులో ఎంతైనా ఉమ్మడి నిధిలో వేయవచ్చన్నారు. నిధిలో పడిన సొమ్ముకు మరికొంత కలిపి నలుగురికీ సమానంగా పంచుతారు. అందరూ వేస్తే అందరికీ లాభం. తాను వేయకుండా ఇతరులు వేసిన దాంట్లో వాటా అందుకుంటే తనకు ఇంకా లాభం. మొదటి విడతల్లో చాలామంది ధారాళంగానే వేశారు. విడతలు గడిచేకొద్దీ తగ్గిస్తూ వచ్చారు, పదో విడతకల్లా ఎక్కువమంది చేతులు ముడుచుకున్నారు. ఉర్స్ ఫిష్‌బాకర్‌తో కలిసి 2001లో ప్రచురించిన మరో ప్రయోగంలో దీనికి కారణం బయటపడింది. దాదాపు సగం మంది పక్కవాళ్లు వేసేదాన్ని బట్టి తామూ వేసే రకం. సుమారు మూడోవంతు మంది ఎవరెంత వేసినా తాము ఏమీ వేయని రకం. ఆ మూడోవంతును చూసి మిగతావాళ్లు వెనక్కి తగ్గారు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. నేనొక్కణ్నే ఎందుకు చేయాలన్న ఉక్రోషం చాలు, మంచి బృందం ఎండిపోవడానికి. వేయనివాళ్లకు జరిమానా వేసే వీలు కల్పించాక 2000 నాటి ప్రయోగాల్లో నిధికి వచ్చే సొమ్ము మళ్లీ పెరిగింది.

అయితే జరిమానాలతో అంతా చక్కబడుతుందని అక్కడే ఆగిపోతే సగం కథే విన్నట్టు. గెక్టర్ మరో ఇద్దరితో కలిసి 16 నగరాల్లో ఇదే ఆట ఆడించి 2008లో ఫలితాలు ప్రకటించాడు. కొన్నిచోట్ల జనం తమకంటే ఎక్కువ ఇచ్చినవాళ్లకు కూడా జరిమానా వేశారు! క్రెయిగ్ పార్క్స్, అసాకో స్టోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2010లో ఇలాంటిదే ఇంకొకటి చూపించారు. ఉమ్మడి సొత్తులోకి బాగా ఇచ్చి తక్కువ తీసుకునే సభ్యుణ్ని కూడా జట్టు నుంచి పంపేయాలని చాలామంది కోరుకున్నారు. అతని పక్కన మేం చిన్నగా కనిపిస్తున్నామనేది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. సేవా సంఘాల్లో పనిచేసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తక్కువ చేసేవాడి మీద కోపం, మరీ ఎక్కువ చేసేవాడి మీద చిరాకు, రెండూ ఒకే గదిలో ఉంటాయి. కాబట్టి కట్టుబాట్లు రెండు వైపులా గట్టు వేయాలి. ఏమీ చేయకుండా పేరు మాత్రం పంచుకునేవాళ్లను పట్టుకోవాలి. ఒళ్లు హూనం చేసుకుని అందరికీ ఎత్తలేని కొలత పెట్టేవాళ్లను ఆపాలి. మన సంఘాలు మొదటిదాని గురించి కొంతైనా ఆలోచిస్తాయి. రెండోదాన్ని సుగుణం అనుకుని సన్మానం చేస్తాయి.

ఆ రెండోదే ముందు చూద్దాం. అతిగా పనిచేసి మనసు ఎండిపోయే స్థితిని ఇప్పుడు అందరూ బర్నౌట్ అంటున్నారు. ఆ మాటను మానసిక వైద్య రంగానికి పరిచయం చేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దాన్ని గమనించింది కార్పొరేట్ ఆఫీసుల్లో కాదు, న్యూయార్క్‌లో పేదలకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది స్వచ్ఛంద సేవకులు. పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా ఆయనా అక్కడే ఉండేవాడు. 1974లో రాసిన వ్యాసంలో ఆయన తేల్చింది ఏమిటంటే, ఈ స్థితికి ముందుగా లోనయ్యేది అంకితభావం ఎక్కువగా ఉన్నవాళ్లే. అలిసిపోయిన మనిషి పని మానడు. చిరాకు పడతాడు, తన కష్టాన్ని ఎవరూ గుర్తించడం లేదనుకుంటాడు, ఎవరి కోసం పనిచేస్తున్నాడో ఆ రోగులనే విసుక్కోవడం మొదలుపెడతాడు. నష్టం అతనితో ఆగదు.

దీనికి పరిష్కారం ఉపన్యాసాల్లో దొరకదు, రోజువారీ మాటల్లో దొరుకుతుంది. శనివారం రాత్రి బృందం వాట్సాప్‌లో ఒక సందేశం వస్తుంది: రేపు పొద్దున ఆరింటికి ఎవరెవరొస్తున్నారు? నలుగురు బొటనవేలు గుర్తు పెడతారు. ఒకతను రాస్తాడు: "అన్నా, రేపు రాలేను, అమ్మకి ఒంట్లో బాలేదు." దీనికి వచ్చే మొదటి జవాబే ఆ బృందం ఆచారాన్ని తేల్చేస్తుంది. "సరేలే తమ్ముడూ, మేమున్నాంగా, అమ్మని చూసుకో" అని వస్తే ఒక దారి. ఎవరూ ఏమీ అనకుండా ఊరుకుంటే, లేదా "పోయినసారీ ఇంతేగా" అని ఒకరు విసిరితే ఇంకో దారి. రెండో దారిలో ఆ అబ్బాయి వచ్చే నెల కారణం కల్పిస్తాడు, ఆపై నెల సందేశం చూడనట్టు ఉంటాడు, తర్వాత కనిపించడు. అందుకని నాయకత్వంలో ఉన్నవాళ్లు ఒక చిన్న పని చేయాలి. రాలేనని చెప్పడానికి కారణం చెప్పనక్కర్లేదని ముందే ప్రకటించాలి, తామే మొదట ఒక ఆదివారం సెలవు తీసుకుని చూపించాలి. అధ్యక్షుడు ఏనాడూ విశ్రాంతి తీసుకోకుండా ఇతరులను మాత్రం తీసుకోమంటే ఎవరూ నమ్మరు.

ఇలా వదిలేస్తే ఎవరూ రారని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే, ఇందాకటి ప్రయోగం చెప్పిందీ అదే కదా. దానికి విరుగుడు, ఎంత చేయాలో ముందే తేల్చుకోవడం. నెలకొక ఆదివారం, లేదా వారానికి రెండు గంటలు, లేదా ఆదాయంలో ఇంత. ఎల్లలు లేని బాధ్యత ఉన్నచోట ఎంత చేసినా తక్కువే అనిపిస్తుంది. కొలత ఉన్నచోట చేయనివాడూ తెలుస్తాడు, చేసినవాడూ నిశ్చింతగా ఇంటికి పోతాడు. మతాలు ఈ సంగతిని ఎప్పుడో గ్రహించాయి. ముస్లింల జకాత్ ఏడాది నిలవ ఉన్న సొమ్ములో రెండున్నర శాతం, క్రైస్తవుల దశమభాగం రాబడిలో పదో వంతు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన గివింగ్ వాట్ వి కెన్ సంస్థ కూడా సభ్యుల దగ్గర ఆదాయంలో కనీసం పది శాతం ఇస్తామన్న మాట తీసుకుంటుంది. అంతకు మించి ఇవ్వాలనుకునేవాళ్లను ఎవరూ ఆపరు. కానీ మించి ఇవ్వనివాళ్లు తప్పు చేసినట్టు కాదు, అసలు సంగతి అదే.

ఇక డబ్బు. స్నేహాలు ముందుగా చెడేది ఇక్కడే. ఇందులో మనకు పాఠం చెప్పగలవాళ్లు దూరంగా ఎక్కడో లేరు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో పొదుపు సంఘాల ఆడవాళ్లే చెప్పగలరు. సంఘం సక్రమంగా నడిచే ఊళ్లో ఒక సమావేశం చూడండి. పదిమందో పన్నెండుమందో చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. పేరు పిలవగానే ఒక్కొక్కరూ తన పొదుపు, అప్పు కంతు నోట్లు అందరి ముందూ పెడతారు. బుక్ కీపర్ పైకి చదువుతూ రాస్తుంది, ఈమె పొదుపు ఇంత, అసలు కింద ఇంత, వడ్డీ ఇంత, ఇంకా బాకీ ఇంత. చదువురాని ముసలామె కూడా చెవి ఒగ్గి విని, తేడా వస్తే "అదేంటమ్మా, పోయిన నెల కట్టానుగా" అంటుంది. చివరికి నోట్లన్నీ లెక్కపెట్టి పుస్తకంలోని మొత్తంతో సరిచూస్తారు. తీర్మానం రాసి సంతకాలు పెడతారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. వాళ్లు పంచసూత్రాలు అని చెప్పుకునేవి ఐదు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోపలి అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ. ఈ ఏర్పాటులో గొప్పతనం ఏమిటంటే, లెక్క చెప్పమని ఎవరూ ఎవరినీ అడగరు. అడిగే పనిని పద్ధతే చేస్తుంది. అనుమానించానన్న నింద ఒకరి మీద పడదు, అనుమానించారన్న బాధ ఇంకొకరికి ఉండదు.

లెక్క అడగడం అవమానం కదా అనే అభ్యంతరానికి జవాబు ఇందులోనే ఉంది. ఒక్క మనిషిని, ఒక్కసారి, ఏదో జరిగిందన్న గుసగుస తర్వాత అడిగితే అది అవమానమే. ప్రతి నెలా, అందరికీ, ఏమీ జరగకముందే చదివితే అవమానమన్న ఊసే ఉండదు. పైగా నిజాయితీపరుడికి లెక్కే రక్ష. వరదల సమయంలో చందాల కోసం సొంత ఫోన్‌పే నంబరు ఇచ్చే కుర్రాళ్లను చూస్తుంటాం. మనసు మంచిదే. కానీ అదే ఖాతాలోకి జీతమూ వస్తుంది, అందులోంచే ఇంటి అద్దె, పెట్రోలు, బియ్యం బస్తాల ఖర్చు పోతాయి. నెల తిరక్కుండానే ఏది ఎవరిదో అతనికే తెలియదు. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే తన నిజాయితీని నిరూపించుకోవడానికి అతని చేతిలో ఏమీ ఉండదు. అందుకే చందా ఎప్పుడూ సొంత ఖాతాలోకి రాకూడదు. సంఘం పేరిట ఖాతా తెరిచేదాకా కనీసం ఇద్దరి ఉమ్మడి ఖాతా ఉండాలి. వసూలు చేసే చెయ్యి, ఖర్చుపెట్టే చెయ్యి వేర్వేరుగా ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంటు నెలకోసారి, ఎవరూ అడక్కముందే సభ్యులందరికీ అందాలి.

పెద్ద దాత దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. పరోపకారాన్ని శాస్త్రీయంగా చేయాలని ఇంగ్లండ్, అమెరికాల్లో మొదలైన ఎఫెక్టివ్ ఆల్ట్రుయిజం ఉద్యమానికి క్రిప్టో వ్యాపారి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ పెద్ద దాతల్లో ఒకడయ్యాడు. 2022 ఫిబ్రవరిలో అతని కంపెనీ ఎఫ్‌టీఎక్స్ పేరిట ఒక దాతృత్వ నిధి మొదలైంది. అదే ఏడాది నవంబరులో కంపెనీ కుప్పకూలింది, నిధిని నడుపుతున్న బృందం రాజీనామా చేసింది. 2024 మార్చిలో మోసం కేసులో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది. ఆ సొమ్ము వస్తుందని పనులు మొదలుపెట్టుకున్నవాళ్లు నడిమధ్యలో నిలబడిపోయారు. నేరం అతనిదే. కానీ సంఘాలు అందులోంచి నేర్చుకోవాల్సింది ఉంది. ఇచ్చే చెయ్యి ఎంత పెద్దదైతే అంతగా ఎవరూ ప్రశ్నలు వేయరు. దీన్ని ముందే ఊహించి జాగ్రత్తపడిన ఉద్యమం ఒకటుంది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైంది. తొలి రోజుల్లో వాళ్లు కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను సాయం అడిగితే, డబ్బు ఎక్కువైతే ఈ పని పాడవుతుందని చెప్పి ఆయన 5,000 డాలర్లతో సరిపెట్టాడు. అప్పటికి నిరాశ కలిగించినా, తర్వాత వాళ్లు దాన్నే తమ సంప్రదాయంగా మార్చుకున్నారు. బయటివాళ్ల చందా తీసుకోరు, సభ్యులు వేసే చిల్లరతోనే నడుస్తారు. గాంధీ దక్షిణాఫ్రికా అనుభవం కూడా ఇక్కడికే చేరింది. 1894లో స్థాపించిన నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ కోసం స్థిరాస్తి సమకూర్చారు. ఆయన వచ్చేశాక ఆ ఆస్తి తగాదాలకు మూలమై, అద్దె కోర్టులో జమయ్యేదాకా పోయింది. ప్రజాసంస్థలు శాశ్వత నిధుల మీద కాక ఏటేటా జనం ఇచ్చేదాని మీదే బతకాలని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. మీ సంఘం అంత దూరం పోనక్కర్లేదు. కానీ ఒక్క దాత తప్పుకుంటే ఆగిపోయే పని ఏదో, ఆ దాత మీద మాట రానివ్వకుండా మీరు ఎన్నిసార్లు నోరు మూసుకున్నారో, ఈ రెండింటినీ కలిసి కూర్చుని తేల్చుకోండి.

అధికారం సంగతి క్లుప్తంగా చెబుతాను. "మాలో పెద్దా చిన్నా లేదు, పదవులు లేవు" అని గర్వంగా చెప్పుకునే బృందాలుంటాయి. అమెరికా మహిళా ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970లో చేసిన ప్రసంగంలో దీన్ని విప్పి చెప్పింది. నిర్మాణం లేని గుంపు అంటూ ఉండదు. పైకి కనిపించే నిర్మాణం లేకపోతే కనిపించనిది ఉంటుంది. పాత స్నేహితులు టీ తాగుతూ తేల్చుకున్నది సమావేశంలో అందరి నిర్ణయంగా బయటికొస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఎవరితో మాట్లాడితే పనవుతుందో తెలియదు. పదవి ఉంటే దించవచ్చు, లేని పదవిలో కూర్చున్నవాణ్ని ఎలా దించుతారు? ఏ నిర్ణయం ఎవరిదో ఒక పేజీలో రాయండి. కోశాధికారి రెండేళ్లకోసారి మారాలన్న నియమం పెట్టండి, పనిమంతుడైనా సరే. ముఖ్యంగా పనిమంతుడైతేనే.

అన్నిటికంటే కష్టమైన ఘట్టం, మనలో ఒకరు నిజంగా తప్పు చేసినప్పుడు వస్తుంది. హైతీలో 2010 జనవరి భూకంపం తర్వాత సహాయానికి వెళ్లిన బ్రిటన్ సేవా సంస్థ ఆక్స్‌ఫామ్ సిబ్బందిలో కొందరు అక్కడ వేశ్యల దగ్గరకు వెళ్లారని, ఇంకా ఇతర దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని 2011లో సంస్థ లోపలి విచారణలో తేలింది. నలుగురిని తీసేశారు. హైతీలో సంస్థ అధిపతి సహా ముగ్గురిని రాజీనామా చేసి వెళ్లనిచ్చారు. బయటికి పూర్తి వివరాలు చెప్పలేదు. ఆ అధిపతి తర్వాత బంగ్లాదేశ్‌లో మరో సహాయ సంస్థలో చేరాడు, తమకు ముందుగా ఎవరూ హెచ్చరిక చేయలేదని ఆ సంస్థ తర్వాత చెప్పింది. 2018 ఫిబ్రవరిలో ఒక పత్రిక ఈ కథంతా బయటపెట్టాక కొద్దిరోజుల్లోనే సుమారు 7,000 మంది దాతలు తమ నెలసరి చందా ఆపేశారు. బ్రిటన్‌లో స్వచ్ఛంద సంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ 2019లో ఆక్స్‌ఫామ్‌కు అధికారిక హెచ్చరిక ఇచ్చింది.

బయటపెడితే మంచి పనికి చెడ్డపేరు వస్తుంది, నష్టపోయేది పేదలే కదా అని ఇలాంటి సందర్భాల్లో వాదిస్తారు. ఈ మాట చెప్పేవాళ్లు చాలావరకు నిజాయితీగానే చెబుతారు, అందుకే ఇది ప్రమాదకరం. ఆలోచించి చూడండి. దాచడం వల్ల పేరు మిగలదు, ఏడేళ్లు వాయిదా పడుతుంది. ఆ ఏడేళ్లలో తప్పుతో పాటు దాచిన తప్పు కూడా కలుస్తుంది. అసలు ఆ పేదలు ఎవరు? తప్పు జరిగింది వాళ్ల మీదే. ఎవరి మేలు కోసం సంఘం పుట్టిందో వాళ్ల నోరు నొక్కి సంఘం పేరు కాపాడితే, ఇక కాపాడుకోవడానికి మిగిలేదేమిటి? మన దేశంలో ఇది చట్టం మాట కూడా. పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం జీతం తీసుకునేవాళ్లకే కాదు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. ట్రస్టులు, సొసైటీలు కూడా దాని పరిధిలోకే వస్తాయి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఒక మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఒకరు బయటి వ్యక్తి కావాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. పదిమందికి లోపు ఉన్నచోట జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మన సేవా సంఘాల్లో ఈ సంగతి తెలిసినవి తక్కువ. చట్టం అడిగినదాన్ని మించి మీరు చేయాల్సింది ఒకటుంది. ఏ రకమైన ఫిర్యాదైనా వినడానికి ఇద్దరి పేర్లు ముందే అందరికీ తెలియాలి. ఆ ఇద్దరిలో ఒకరు వ్యవస్థాపకుడి బంధువూ స్నేహితుడూ కానివారై ఉండాలి. అధ్యక్షుడి మీద ఫిర్యాదు అధ్యక్షుడికే చేరే ఏర్పాటు, ఏర్పాటు లేకపోవడంతో సమానం.

నియమాలంటే వెంటనే శిక్షలు గుర్తుకొస్తాయి, కానీ మనుషులు నిజంగా పాటించే నియమాలు ఎలా ఉంటాయో పరిశీలించినవాళ్లు వేరే చిత్రం చూపించారు. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పొందిన ఎలినోర్ ఆస్ట్రమ్ అడవులు, చెరువులు, పచ్చిక బయళ్లు వంటి ఉమ్మడి సొత్తులను తరాలుగా కాపాడుకొస్తున్న సమూహాలను ప్రపంచమంతా వెతికి పోల్చింది. నిలబడిన సమూహాల్లో కొన్ని లక్షణాలు మళ్లీ మళ్లీ కనిపించాయి. నియమం పాటించేవాళ్లే నియమం రాసుకున్నారు. కాపలాదారు తమకే జవాబుదారీ. మొదటి తప్పుకు చిన్న మందలింపు, మళ్లీ మళ్లీ చేస్తేనే పెద్ద శిక్ష. గొడవ వస్తే దగ్గర్లోనే, ఖర్చు లేకుండా తీర్చుకునే చోటు. మన కర్నూలు జిల్లా ఊళ్లు కూడా ఈ చర్చలో ఉన్నాయి. రాబర్ట్ వేడ్ 1988లో వెలువరించిన పుస్తకంలో ఆ జిల్లాలో కాలువ కింద ఉన్న ఊళ్లను పోల్చాడు. కొన్ని ఊళ్లు ప్రభుత్వం చెప్పకుండానే, పంచాయతీతో సంబంధం లేకుండా సొంత మండలి పెట్టుకుని, నీళ్లు కట్టడానికి, పైరు కాపలాకు జీతాల మీద మనుషులను పెట్టుకున్నాయి. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును కాపర్లకు అమ్మి, అలా వచ్చిన డబ్బుతో ఊరి నిధి పోగేసుకున్నాయి. ఏ ఊళ్లు ఇలా చేశాయో చూస్తే, ఎక్కువగా కాలువ చివర ఉండి నీళ్లందని భయం ఉన్నవి. పైన ఉండి పుష్కలంగా నీళ్లు పారే ఊళ్లు పట్టించుకోలేదు. ఆ చివరి ఊళ్లవాళ్లు మిగతావాళ్లకంటే సజ్జనులని కాదు, పద్ధతి లేకపోతే పోయేదేమిటో వాళ్లకు కళ్ల ముందు కనిపించింది. సేవా సంఘాలకు ఉన్న చిక్కే ఇది. మొదటి రెండేళ్లు ఉత్సాహం పుష్కలంగా పారుతుంది, అప్పుడు నియమాల ఊసు ఎవరికీ నచ్చదు.

నియమాలు వెచ్చదనాన్ని చంపేస్తాయనే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను, అందులో నిజం ఉంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ తొలి ఏళ్లలో ఒక్కో స్థానిక బృందం ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వద్దనాలో సొంత నియమాలు పెట్టుకుంది. కేంద్ర కార్యాలయం అవన్నీ పంపమంది. వచ్చిన జాబితాలన్నీ కలిపి అమలు చేస్తే ఒక్క మనిషికీ ప్రవేశం దొరకదని తేలింది. భయంతో రాసిన నియమాలు ఇలాగే ఉంటాయి. చివరికి వాళ్లు అన్నీ కొట్టేసి, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలన్నారు. పన్నెండు సంప్రదాయాలు అక్షరరూపంలోకి వచ్చింది 1946లో, సభ్యులు ఆమోదించింది 1950లో, అంటే ఉద్యమం మొదలైన పదిహేనేళ్లకు. నడుమ జరిగిన ప్రతి గొడవా వాటిలో ఒక వాక్యంగా మిగిలింది. మీరూ ముందే యాభై నియమాలు రాసుకోకండి. డబ్బు, విశ్రాంతి, ఫిర్యాదు, పదవీకాలం, ఈ నాలుగింటి మీద నాలుగు పేరాలతో మొదలుపెట్టి, ఏడాదికోసారి అందరూ కూర్చుని మార్చుకోండి. మేం పదిమందిమే కదా అంటారా? పదిమంది ఉన్నప్పుడే ఒక సాయంత్రంలో తేలిపోతుంది. రెండు వందల మంది అయ్యాక, అప్పటికే ఒక తగాదా నడుస్తుంటే, ప్రతి నియమమూ ఎవరో ఒకరి మీద గురిపెట్టినట్టే కనిపిస్తుంది. పగ తీర్చుకోవడానికి నియమాలను ఆయుధంగా వాడే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఆ ప్రమాదం తగ్గాలంటే నియమం గొడవకు ముందే పుట్టి ఉండాలి, మొదటిసారి దాన్ని నాయకుల మీదే వాడి ఉండాలి. ఆలస్యంగా లెక్క ఇచ్చిన అధ్యక్షుడికి సమావేశంలో మందలింపు రాసి ఉంటే, తర్వాత సభ్యుడికి అదే మందలింపు వచ్చినప్పుడు అతను పక్షపాతమని అనలేడు.

చివరిగా, వెళ్లిపోయేవాళ్ల గురించి. సేవా బృందాల్లో ఎవరైనా మానేస్తే వెనక నుంచి వినిపించే మాటలు బాధ కలిగిస్తాయి. ఓపిక లేదని, మొదట్నుంచీ పేరు కోసమే వచ్చాడని, పెళ్లయ్యాక మారిపోయిందని అంటారు. ఉన్నవాళ్లు ఈ మాటలు వింటారు, తమ వంతు వచ్చినప్పుడు ఏమంటారో ఊహించుకుంటారు. ఇక వాళ్లు చెప్పి వెళ్లరు, చెప్పకుండా మాయమవుతారు. వాళ్లతో పాటు తాళాలు, పాస్‌వర్డులు, రోగుల ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత ఇవ్వాలన్న లెక్క మాయమవుతాయి. కాబట్టి తప్పుకోవడానికి కూడా ఒక మర్యాద ఏర్పాటు చేయండి. నెల రోజుల ముందు చెప్పడం, పుస్తకాలు అప్పగించడం, వాళ్లు చేసిన పనిని పేరుతో సహా మినిట్స్ పుస్తకంలో రాయడం, తిరిగి రావాలనుకుంటే ఎవరినీ బతిమాలుకోకుండా వచ్చే వీలు ఉంచడం. వెళ్లేవాళ్లతో నాయకుడు కాక వేరే సభ్యుడు ఒకరు కూర్చుని, ఏది ఇబ్బంది పెట్టిందో నెమ్మదిగా అడిగి రాసుకోవాలి. ఏడాది చివర నియమాలు మార్చుకునే సమావేశంలో ఆ కాగితాలను పేర్లు తీసేసి చదవండి. ముగ్గురు వేర్వేరు నెలల్లో వెళ్తూ ఒకే మాట చెప్పి ఉంటే ఆ రోజు చర్చ అక్కడినుంచే మొదలుపెట్టండి, అది వ్యవస్థాపకుడి గురించిన మాటైనా సరే.